ఇంజన్ ఆపితేనే పంపు

వాడు కాదులే, వాడిక్కడికెందుకొస్తాడు, పదకొండేళ్ళుగా ఈ బంకు మొహం చూడనివాడు, ట్యాంకు అడుగంటినా నలభై కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వెళ్ళి నార్వే రోడ్డు మీద పోయించుకునేవాడు, మైనస్ ముప్పై ఆరు డిగ్రీల చలిలో పొద్దున పదకొండింటికి సరిగ్గా నా కళ్ళెదుట మూడో పంపు దగ్గరే బండి ఆపుతాడా, అనుకుంటూనే ఉన్నాను, వేడి బన్నులు ట్రేలోంచి తీసి అరలో పేరుస్తూ, ఈ అర కిటికీకి ఆనించి ఉంటుంది, ఇక్కడ నిలబడితే మూడో పంపు తప్ప ఇంకేమీ కనబడదు, మొదటి రెంటినీ స్తంభం మింగేస్తుంది, అద్దం మీద బన్నుల ఆవిరి పట్టింది, మోచేత్తో తుడిచాను, తుడిస్తే ఆ ఎడమ భుజం, కుడిదానికన్నా వేలెడు కిందికి జారి ఉండే భుజం, తొమ్మిదేళ్ళు నా పక్కన పడుకున్న భుజం, తౌనో, వాడే, దొరికావు నాయనా, ఇన్నాళ్ళకి దొరికావు, పైగా వెనక గొట్టంలోంచి తెల్లగా పొగ, ఇంజన్ ఆపలేదు, ఆపలేదు చూడు, నా చెల్లెలి చేతులు కాల్చినవాడు నా పంపు దగ్గర ఇంజన్ తిరుగుతుండగానే కిందికి దిగుతున్నాడు.

మూడు పంపుల మీదా జానెడేసి ఎర్ర అక్షరాలు రాసి పెట్టాను, ఇంజన్ ఆపితేనే పంపు అని, పెట్రోలైనా డీజిలైనా, పాదిరిగారైనా పోలీసైనా, ఈ ఊరివాళ్ళకి చలికాలంలో ఇంజన్ ఆపడమంటే ప్రాణం మీదికి వస్తుంది, కొట్టు ముందు తిరుగుతూనే ఉంటుంది, చర్చి ముందు తిరుగుతూనే ఉంటుంది, లోపల పెళ్ళి జరుగుతుంటే బయట పది బండ్లు పొగ వదులుతుంటాయి, ఆపితే మళ్ళీ లేవదని భయం, నా దగ్గర మాత్రం కుదరదు, పంపు కరెంటు నా చేతి కింద మీటలో ఉంది, దుంగల లారీ ఆర్వో మొన్న కూడా గొడవేసుకున్నాడు, ఏమే ఇంకేరీ, డీజిల్ మీద అగ్గిపుల్ల గీసి పడేసినా అంటుకోదు, అంటుకుంటే నీ నోటికే అంటుకోవాలి, అని, అందరూ పగలబడి నవ్వారు, నవ్వుకోండి, ఆపితేనే పంపు, అన్నాను, ఆపాడు, ఆపక చస్తాడా, గోడ మీద అగ్నిమాపకం వాళ్ళిచ్చిన కాగితం కూడా ఉంది, పెట్రోలు నింపేటప్పుడు ఇంజన్ ఆపవలెను అని మొదటి వాక్యం, దాని కింద ఇంకేవో రెండు ముక్కలున్నాయి, అవి ఉప్పు లికరిస్ మిఠాయి పొట్లాల స్టాండు వెనక పడ్డాయి, ఎవరు చదువుతారులే అవి, మొదటిది చాలు.

మొదటిది చాలు, మొదటిది పాటించి ఉంటే ఊనా చేతులు ఊనా చేతుల్లా ఉండేవి, పంతొమ్మిదేళ్ళ పిల్ల, క్షౌరం పని నేర్చుకుంటోంది, వేళ్ళు అలా ఆడించేది కత్తెరని, నెలకోసారి నన్ను వంటింట్లో కుర్చీలో కూలేసి మెడకి తువ్వాలు చుట్టి, కదలకక్కా, చెవి కోసేస్తా, అనేది, ఇప్పుడు ఆ బొటనవేళ్ళు ముడుచుకోవు, చర్మం తీసి చర్మం అతికించారు, గుండీ పెట్టుకోవాలంటే పళ్ళతో లాగుతుంది, పార్సెళ్ళ కౌంటర్లో కూచుని ముద్రలు గుద్దుతుంది, ఏడవదు, అదే నాకు కడుపు మంట, ఒక్కసారి కూర్చుని వాణ్ణి తిట్టిపోస్తే నాకు చల్లగా ఉండేది, తిట్టదు, తౌనో బావ మంచివాడే అక్కా, అంటుంది, మంచివాడట, ఆస్పత్రి వరండాలోనే ఒట్టు వేసుకున్నాను, వాడికి శాస్తి జరిగేదాకా నా తలకి ఇంకొకరి కత్తెర తగలనివ్వనని, ఆ జడ ఇప్పుడు నడుం దాటింది, ఈ ఎండు చలిలో టోపీ తీస్తే చిటచిటలాడుతుంది, తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చురుక్కుమంటుంది, పిల్లి ముక్కు ముట్టుకున్నా అంతే, అది పారిపోతుంది, ఇంటికి వెళ్ళిన రోజునే వాడి బట్టలు రెండు సంచుల్లో కుక్కి గుమ్మం బయట పెట్టాను, వాడు ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు, సంచులెత్తుకుని వెళ్ళాడు, తప్పు చేసినవాడు ఏమంటాడు, మంట ఎలా లేచిందని అధికారి అడిగినప్పుడు కూడా అంతే, ఇంజన్ తిరుగుతోందా, తిరుగుతోంది, ఎవరు వదిలేశారు, నేనే, అన్నాడు, బడి పిల్లల్ని తీసుకెళ్ళే టాక్సీ పోయింది వాడికి, పోతే పోనీ, పిల్లల్ని వాడి చేతిలో పెడతారా, నన్నూ అడిగారు, మీరెక్కడ ఉన్నారమ్మా అని, ఈ మూడో పంపు దగ్గరే, గొట్టం పట్టుకుని పంపు దగ్గరే నిలబడ్డాను, అన్నాను, అవును, పంపు దగ్గరే నిలబడ్డాను.

మైకు నొక్కాను, తౌనో, ఇంజన్ ఆపు, నా గొంతు బయట రేకు డబ్బాలోంచి గరగరమంటూ వాడి నెత్తిన పడింది, తలెత్తాడు, కనుబొమ్మల మీద మంచు, గడ్డం నెరిసింది, ఎప్పుడు నెరిసిందది, ఇంకేరీ, ఆపితే మళ్ళీ లేవదు, బ్యాటరీ చచ్చిపోయింది, వెనక అమ్మ ఉంది, రెండింటికి రోవానియెమి పెద్దాస్పత్రిలో కంటి ఆపరేషన్, ఎనిమిది నెలలకి దొరికిన రోజు, నార్వే రోడ్డు బంకులో పంపులు గడ్డకట్టాయి, లేకపోతే నీ దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు, అన్నాడు, అదీ వాడు ఒక్క ఊపున మాట్లాడిన మాటల్లో అన్నిటికన్నా పొడవైనది, తొమ్మిదేళ్ళ కాపురంలో నాతో అన్ని ముక్కలు కలిపి మాట్లాడలేదు, నీ కథలు నాకెందుకు, బోర్డు చదవడం వచ్చా రాదా, వచ్చు, మరి ఆపు, హెల్మీ అత్తయ్య వెనక సీట్లో గుడ్డల మూటలా కనబడింది, రొట్టె పిండి ఎంత పల్చగా ఉండాలో నా మణికట్టు పట్టుకుని నేర్పిన మనిషి, ఆవిడ మీద నాకేం లేదు, కానీ వాణ్ణి కన్నది ఆవిడే కదా, ఒక కన్ను పోయింది, రెండోది ఈ రోజు తప్పితే మళ్ళీ ఎనిమిది నెలలు ఆగుతుందా, ఆగకపోతే ఆగకపోనీ, నా చెల్లెలి చేతులు ఆగాయా, వాడికి కూడా తెలియాలి, తన మనిషి కళ్ళెదుట పాడైపోతుంటే చూస్తూ నిలబడ్డం ఎలా ఉంటుందో తెలియాలి, వాడు తాళం తిప్పాడు, పొగ తెగింది, అబ్బ, ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో, బన్ను తిన్నట్టుంది.

గొట్టం ట్యాంకులో పెట్టి మీట బిగించి, లోపలికి ఎక్కి తల్లి మోకాళ్ళ మీద దుప్పటి సర్దాడు, మళ్ళీ దిగాడు, దిగి, ఏం చేస్తున్నాడు వీడు, చేతి తొడుగు పళ్ళతో పట్టి లాగాడు, ఉత్త అరచెయ్యి తలుపు పక్క ఇనుము మీద ఆనించాడు, మైనస్ ముప్పై ఆరులో, ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు, తరవాత చెయ్యి ఊడబెరికి, నోటితో ఊదుకుని, అప్పుడు గొట్టం ముట్టుకున్నాడు, బండికి దండం పెడుతున్నాడేమిటి, మతి పోయిందేమో, పోతే నాకేం, ఎందుకో నా చూపుడువేలి చివర చురుక్కుమంది, అరకి తగిలి ఉంటుంది, అర కొయ్యది, కొయ్యకి తగిలితే చురుక్కుమనదు, సరేలే, గొట్టం తగిలించాడు, ఎక్కి తాళం తిప్పాడు, గుర్రు గుర్రు గుర్రుమంది, మళ్ళీ తిప్పాడు, గుర్రు, మళ్ళీ, టక్, అంతే, టక్, నా ఒళ్ళంతా వెచ్చబడింది, పదకొండేళ్ళ తరవాత, లేవదు, ఏడువు, ఏడ్చి చావు అక్కడే.

తల్లిని పొదివి పట్టుకుని లోపలికి తెచ్చాడు, తలుపు తీసేసరికి చలి నేల మీద పాకింది, బన్నుల అర పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంకేరీ, నీ కరెంటు స్తంభానికి తీగ తగిలిస్తే ఇంజన్లో హీటరు వెచ్చబడుతుంది, అప్పుడు లేస్తుంది, గంటన్నర చాలు, అన్నాడు, గంటన్నర అయితే రెండింటికి ఎక్కడ చేరతావురా వెర్రిమొహమా, అయినా నోరారా చెప్పాను, ఫ్యూజు పోయింది, అని, అబద్ధం, ఫ్యూజు నిక్షేపంలా ఉంది, వెనక నా కారు పొద్దుటి నుంచీ ఆ కరెంటు తాగుతూ ముక్కు వెచ్చగా పెట్టుకుని నిలబడి ఉంది, తాళంచెవి నా జేబులో గుచ్చుకుంటోంది, వాడు నా మొహం చూశాడు, నమ్మలేదు, నమ్మలేదని తెలుస్తూనే ఉంది, అయినా సరేనన్నాడు, రోడ్డు మీద ఎవరైనా వస్తారేమో చూస్తానమ్మా, అని తల్లితో అని బయటికి పోయి మంచులో నిలబడ్డాడు, ఈ చలిలో ఎవడొస్తాడు, అరగంట నిలబడితే చెవులు రాలతాయి, రాలనీ.

అమ్మాయ్, కాఫీ వాసన మారిందే, అంది అత్తయ్య, పొడి మార్చానత్తయ్యా, ఓ కప్పు ఇస్తాను, వద్దమ్మా, ఆపరేషన్‌కి ఖాళీ కడుపున రమ్మన్నారు, అంటూ చెయ్యి చాచి గాల్లో వెతికింది, నా జడ తగిలింది, పట్టుకుని కిందిదాకా తడిమింది, వేళ్ళ కింద చిటచిటమంది, అయ్యో ఎంత పొడుగు పెంచావే, మన ఊనా చూస్తే ఊరుకుంటుందా, చూస్తోందిలే అత్తయ్యా, ఊరుకుంటోంది, ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పింది, వాడి అరచెయ్యి చూశావా, పొట్టు పొట్టు లేచిపోయి ఉంటుంది, ఎక్కడ నింపినా అంతే, ముందు ఉత్తచెయ్యి ఇనుము మీద పెడతాడు, నన్నూ అలా పెట్టు అంటాడు, కారు దిగినవాళ్ళు ముందు ఇనుము ముట్టుకోవాలమ్మా, లేకపోతే వేలి చివర నిప్పురవ్వ పుడుతుంది, అని, డీజిల్‌కి ఎందుకురా, చర్మం ఊడొస్తుందిరా అంటే, అలవాటమ్మా అంటాడు, ఆ రోజు నుంచీ అలవాటు, ఏ రోజు, అన్నాను, ఏ రోజేమిటే, మీ ఆ రోజే, అంది.

కారు దిగినవాళ్ళు, అంటే కారు ఎక్కి ఉండాలి, నేను ఎక్కలేదు, పంపు దగ్గరే నిలబడ్డాను, గొట్టం పట్టుకుని, పట్టుకుని, మరి రేడియోలో ఆ గొంతు ఎక్కడిది, ఆఖరి కిలోమీటరు, మనవాడు ముందున్నాడు, స్వీడన్ వాడు వెనకే ఉన్నాడు అని గుక్క తిప్పుకోకుండా అరుస్తున్న గొంతు, స్కీ పోటీ, అది పంపు దగ్గర నిలబడితే వినబడదు, తలుపు వేసి ఉంది, వేసింది నేను, మీట బిగించి చలికి ఆగలేక డ్రైవరు సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాను, వేడిగాలి మోకాళ్ళ మీద, సీటుకి నైలాను తొడుగు, ఒంటి మీద ఆ ఉబ్బు స్వెట్టరు, పంపు ఆగింది, మనవాడు గీత దాటకుండానే ఆగింది, విసుక్కుంటూ సీటు మీద జారి దిగి, తొడుగు లేని చేత్తో గొట్టం ముట్టుకున్నాను, చూపుడువేలి చివర చురుక్కు, నీలంగా, చిన్నది, పిల్లి ముక్కు మీద పుట్టేంత చిన్నది, అంతే, ట్యాంకు మూతి దగ్గర గుడ్డ రెపరెపలాడినట్టు మంట, ముట్టుకోకుండా వెనక్కి పరిగెత్తాల్సింది, పరిగెత్తలేదు, గొట్టం బయటికి లాగాను, చుక్కలు నా చేతి మీద పడ్డాయి, ఈ కొట్టు తలుపు భళ్ళున తెరుచుకుంది, ఊనా పరుగెత్తుకొచ్చి నా మండుతున్న స్వెట్టరు చేతిని రెండు ఉత్తచేతులతో కౌగిలించుకుంది, వదలమంటే వదల్లేదు, ఇంజన్ పాపం తన మానాన తను తిరుగుతూనే ఉంది, రేడియోలో మనవాడు గెలిచాడు.

ఆగు ఆగు, అయినా వాడిదే తప్పు, ఇంజన్ ఆపి ఉంటే కారు చల్లబడేది, చల్లటి కార్లోకి నేనెందుకు ఎక్కుతాను, చూశారా, అక్కడికే వస్తుంది, వాడే ఆపి ఉంటే, కానీ వాడు తాళంచెవి మీద చెయ్యి వేశాడు కదూ, వేశాడు, నేనే ఆ చెయ్యి మీద చటుక్కున కొట్టాను, ఆపకు, రేడియో ఆగిపోతుంది, ఆఖరి కిలోమీటరు, అని, నవ్వి చెయ్యి తీసేశాడు, సరే నేను బన్నులు తెస్తానన్నాడు, ఛీ, ఆ మాట ఎక్కడ దాచాను ఇన్నాళ్ళు, లేచి వెళ్ళి లికరిస్ స్టాండు పక్కకి లాగాను, పొట్లాలు దబదబ రాలాయి, ఏమిటమ్మా ఆ చప్పుడు, అంది అత్తయ్య, ఏం లేదత్తయ్యా, కాగితం, రెండో వాక్యం, నింపుచుండగా తిరిగి వాహనంలో కూర్చొనరాదు, కూర్చున్నచో గొట్టము ముట్టుకొనుటకు ముందు లోహమును తాకవలెను, ఆ స్టాండు అక్కడ పెట్టింది ఎవరు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, తలుపు పక్కన బోలెడు చోటున్నా, ఈ గోడకే ఆనించి, సరిగ్గా ఇంతే ఎత్తున.

తలుపు తీసి అరిచాను, తౌనో, రా లోపలికి, వచ్చాడు, చెవులు తెల్లబడ్డాయి, తాళంచెవి వాడి అరచేతిలో పెట్టాను, అరచేతి మధ్యలో చర్మం లేదు, ఎర్రగా, ఏళ్ళ కొద్దీ మానుతూ మళ్ళీ లేస్తూ ఉన్న మచ్చ, నా కారు వెనక ఉంది, వెచ్చగా ఉంది, పన్నెండు కాలేదు ఇంకా, వెళ్ళండి, అన్నాను, ఫ్యూజు పోయిందన్నావుగా, అన్నాడు, పోలేదు, అన్నాను, తల్లిని లేపి గుండీలు పెడుతున్నాడు, ఒక్కొక్కటే, మెడ దాకా, తౌనో, ఆ రోజు నువ్వు ఇక్కడ, నువ్వు, ఏం చూశావు, గుండీ దగ్గర వేలు ఆగింది, తలెత్తలేదు, నేనేం చూస్తాను ఇంకేరీ, ఇక్కడ నిలబడి బన్నులు ఏరుకుంటున్నాను, అన్నాడు, అత్తయ్య చంక పట్టుకుని బయటికి నడిచాడు, నా కారు కొట్టు వెనక నుంచి వచ్చి మూడో పంపు పక్కగా రోడ్డెక్కింది, సూర్యుడు రాని చలికాలపు వెలుగు అంతా నీలంగా ఉంది, వెనక దీపాలు ఎర్రగా వెళ్ళిపోయాయి, ఇక్కడే నిలబడ్డాడు, ఇదే అర, నేను పదకొండేళ్ళుగా పొద్దున్నే బన్నులు పేరుస్తున్న అర, అద్దం నా ఊపిరికి మళ్ళీ మసకబడింది, తుడిచాను, ఇక్కడ నిలబడితే మూడో పంపు తప్ప ఇంకేమీ కనబడదు.